నూక మేత, సగం జెండా

పంది పిల్ల పెంట గట్టిగా పడిందని గంతులేసే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని అడిగేవాళ్ళు ఒక్కసారి యూరప్ ఉత్తరపు అంచున ఉన్న సాలింగ్ వైపు వచ్చి డాగ్నీని చూడాలి. ముప్పై నిండని పిల్ల. వ్యవసాయ పాఠశాలలో చదువుకుంది. పట్నంలో మేతల కంపెనీ వాళ్ళు ఉద్యోగమిస్తాం రమ్మంటే వద్దనుకుని, తండ్రి క్రెస్టెన్ పందుల కొట్టానికే తిరిగొచ్చింది. పొద్దున్నే ఒళ్ళు కడుక్కుని, కొట్టం బట్టలు తొడుక్కుని, పాలు మాన్పించిన పంది పిల్లల గదిలోకి దూరడం, మోకాళ్ళ మీద కూర్చుని నేల చూడడం. ఇదీ ఆమె పని. ఆ శరదృతువులో ఆకాశం ఎలా ఉందని అడిగితే ఆమె చెప్పలేదు. నేల సంగతి అడిగితే మాత్రం ఏ మూల తడో, ఏ మూల పొడో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

అది యూరప్ అంతా జింక్ పొడికి తలుపులు మూసిన ఏడాది. అంతకుముందు తల్లి నుంచి విడదీసిన పిల్లల మేతలో ఆ తెల్ల పొడి కలిపేవారు, విరేచనాలు పట్టుకునేవి కావు. అది పెంటతో పాటు పొలాల్లో చేరి కూడబడుతోందని ఆపేశారు. ఆపగానే అసలు రంగు బయటపడింది. నిన్నటిదాకా వెచ్చటి పాలు తాగిన పొట్ట ఇవాళ తల్లీ లేక, పాలూ లేక, తొట్టిలో పొడి మేత చూసి బెదిరిపోతుంది. పేగు లోపలి పొర ముడుచుకుపోతుంది. మేతలోని అరగని సోయా అక్కడే కుళ్ళుతుంది. చెడ్డ సూక్ష్మజీవులకు అది పెళ్ళి భోజనం. తెల్లారేసరికి పిల్ల తోక కింద తడి, రెండో రోజుకు కళ్ళు లోపలికి పోవడం. జిల్లాలో పందులు పెంచే ప్రతి ఇంట్లోనూ ఆ ఏడాది ఇదే గోల.

క్రెస్టెన్ ఇంట్లో ఇంకో గోల కూడా ఉంది. ఆయనకు మేత ఆడించే మర మీద మమకారం. ఆ చుట్టుపక్కల రైతులు నెలకోసారి ఒకరి కొట్టానికి ఒకరు వెళ్ళి, కాఫీ తాగి, ఒకరి లెక్కల్లో ఒకరు తలదూర్చి మొహమాటం లేకుండా తిట్టుకునే బృందం ఒకటుంది. అందులో పంది కిలో బరువు పెరగడానికి అందరికంటే తక్కువ మేత ఖర్చయ్యే కొట్టం ఏటేటా క్రెస్టెన్‌దే. రహస్యమేమీ లేదు. ఆయన బార్లీని మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఆడిస్తాడు. గింజలో ముక్క కూడా వృథా కాకూడదు. బృందం వాళ్ళు ఆ పిండిని వేళ్ళ మధ్య నలిపి తలాడించిన ప్రతిసారీ క్రెస్టెన్ చెవులు ఎర్రబడేవి. పైకి మాత్రం ఒక్క మాట అనడు.

మాటల పొదుపులో కూడా ఆయనదే మొదటి స్థానం. సాలింగ్ మగవాళ్ళు ఎంత గొప్ప సంగతి చూసినా ‘ఫర్వాలేదు’ అంటారు, అంతకు మించి నోరు పెగలదు. పెళ్ళి రోజున పెళ్ళికూతురు ఎలా ఉందిరా అని అడిగితే కూడా క్రెస్టెన్ ‘ఫర్వాలేదు’ అన్నాడట. ఆ పెళ్ళికూతురు గుడ్రున్, డాగ్నీ తల్లి. పోయేదాకా ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్వింది. ‘బాగుంది’ అనే మాట ఆయన నోట వినకుండానే పోతానేమో అనేది. అలాగే పోయింది.

సెప్టెంబరులో ఒక ఉదయం, వంటింటి బల్ల దగ్గర విషయం తేలిపోయింది.

“ఈ చుట్టుపక్కల అప్పుడే ముగ్గురు రైతులు తమ తల్లి పందుల్ని అమ్మేశారు,” అన్నాడు ఆస్గెర్, తన కప్పు తనే నింపుకుంటూ. పక్క పొలం ఆసామి, క్రెస్టెన్‌తో కలిసి బడికెళ్ళినవాడు. “జింక్ లేకుండా పిల్లల్ని సాకడమంటే గొడుగు లేకుండా నవంబరు దాటడమేరా. నీ కొట్టం నాకు కౌలుకిచ్చెయ్. నేను పెద్ద పందుల్ని పెట్టుకుంటా. నువ్వు హాయిగా చేపలు పట్టుకో.”

“చేపల్ని చూస్తే నాకు నిద్రొస్తుంది,” అన్నాడు క్రెస్టెన్.

“బాబాయ్, కొట్టం ఖాళీ అవుతుందని నీకెవరు చెప్పారు?” అంది డాగ్నీ.

“పోయిన విడత పిల్లలకి గదులకి గదులే నీళ్ళలో మందు కలిపారుగా. ఊరంతా తెలుసు.”

“అది పిండి మేత పెట్టినప్పటి సంగతి. ఈసారి నూక పెడతా. ముతకగా ఆడిన బార్లీ, ఓట్స్ పొట్టు, కాస్త చక్కెర దుంప పిప్పి. సోయా తగ్గిస్తా. పిండి పొట్టలోంచి జారిపోతుంది బాబాయ్. నూకైతే ఆగుతుంది, నానుతుంది. ఆ పీచు పేగు చివరిదాకా వెళ్తుంది. అక్కడుండే మంచి సూక్ష్మజీవులకి అదే కూడు. వాటి కడుపు నిండితే చెడ్డవాటికి చోటే దొరకదు!” చెబుతూ చెబుతూ లేచి నిలబడింది. పీచు పేరెత్తితే ఆ పిల్ల కూర్చోలేదు.

“దీనికింత చదువెందుకే?” అంది మాగ్డా అత్తయ్య, నల్లటి రై రొట్టె ముక్కలు కోస్తూ. క్రెస్టెన్‌కు అక్క. గుడ్రున్ పోయాక ఇంటి పెత్తనం ఆవిడదే. “ఈ ఇంట్లో పుట్టినవాడెవడైనా గింజల రొట్టె తినకుండా గడప దాటాడా? మనం గింజలు నములుతాం, తల్లి నుంచి విడిపోయిన పసివాటికి మాత్రం పౌడరు పెడతాం. ఒరేయ్ క్రెస్టెన్, నీకు వారంపాటు తెల్ల బన్నులే పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పనా?”

“వద్దు,” అన్నాడు క్రెస్టెన్. “ఆస్గెర్ కాఫీ తాగుతున్నాడు.”

ఆ తర్వాత ఆయన కప్పు బల్ల మీద పెట్టి కూతురి వైపు తిరిగాడు. “ఒక్క విడత,” అన్నాడు. “ఈ విడత పిల్లలకి గదంతటికీ మందు పట్టించే అవసరం రాకపోతే కొట్టం నీది. కాగితాల మీద కూడా నీదే. వస్తే మాత్రం కొత్త సంవత్సరానికి తాళాలు ఆస్గెర్‌వి.”

“ఏ ఒక్క పిల్లకైనా జబ్బు చేస్తే నేనే సూది వేస్తా నాన్నా. పంతం నాది, ప్రాణం వాటిది.”

“వెయ్. అది లెక్కలోకి రాదు. నేనంటున్నది గది మొత్తానికి.”

“మందు లేకుండా గనక గట్టెక్కితే జెండా ఎగరేయాల్సిందే!” అని ఆస్గెర్ బల్ల మీద చరిచి నవ్వాడు.

“ఎగరేద్దాం,” అంది మాగ్డా.

నవ్వు అక్కడే ఆగిపోయింది. కిటికీ బయట వాకిట్లో తెల్లటి జెండా స్తంభం బోసిగా నిలబడి ఉంది. ప్రతి ఇంట్లో పుట్టినరోజుకీ పెళ్ళిరోజుకీ జెండా ఎగిరే ఆ వైపున, గుడ్రున్‌ను సాగనంపిన రోజు తర్వాత ఈ స్తంభానికి ఎవరూ జెండా కట్టలేదు. క్రెస్టెన్ కప్పు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పాలు మాన్పించిన కొత్త విడత పిల్లలు గదుల్లోకొచ్చిన రోజు డాగ్నీకి పండగ. గులాబీ రంగు గుంపులు గుంపులుగా, వెచ్చటి నేల మీద కీచుకీచుమంటూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. అందులో అందరికంటే చిన్నది ఒకటి అందరినీ తోసుకుని వచ్చి తొట్టి మధ్యలో కాళ్ళు చాపి పడుకునేది. దానికి డాగ్నీ ‘మేయరు’ అని పేరు పెట్టింది. పనేమీ చేయదు, నడిమధ్యన కూర్చుంటుంది, అరుస్తుంది.

మొదటి రోజుల్లో నూక మేతను అవి మూతులతో తోసి ఆడుకున్నాయి. తర్వాత నమిలాయి. నములుతున్నప్పుడు గదంతా కరకరమని చప్పుడు. పిండి మేత రోజుల్లో ఆ చప్పుడే ఉండేది కాదు. డాగ్నీ గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినేది. మేయరు కూడా నమిలింది. తెల్లారి చూస్తే, పలకల నేల మీద గుండ్రంగా, గట్టిగా, ముద్దలు ముద్దలుగా పెంట! డాగ్నీ పరుగెత్తుకెళ్ళి తండ్రిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

“చూడు నాన్నా! చూడు, చూడు!”

క్రెస్టెన్ వంగి చూశాడు. ఆయన చూసింది వేరు. ముద్దలో బంగారు రంగు పొట్టు ముక్కలు మెరుస్తున్నాయి.

“ముందు పెట్టింది వెనకనుంచి అలాగే పోతోందే,” అన్నాడు.

“పోవాలి నాన్నా. అది దారి ఊడ్చుకుంటూ పోతుంది.”

“డబ్బు పెట్టి కొన్న మేత.”

“కొంచెం అరుగుతుంది, కొంచెం పోతుంది. పోయేది కూడా పని చేసే పోతుంది.”

“బరువు తక్కువ పెరుగుతున్నాయి.”

“ఇప్పుడు తక్కువ. పొట్ట కుదుటపడ్డాక చూడు, పరుగెత్తుతాయి!”

ఆ పొట్టు ముక్కలు మాత్రం క్రెస్టెన్ కంట్లో నలుసులా పడ్డాయి. భోజనం దగ్గర కూడా ఏదో వెతుకుతున్నవాడిలా పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి గింజ ముక్క వృథా పోనివ్వని మనిషి, తన కొట్టంలో పొట్టు పెంటపాలవుతుంటే ఎంతకని ఓర్చుకుంటాడు?

గదుల్లో అంతా సవ్యంగా ఉందనుకుంటున్నప్పుడు, ఒక మధ్యాహ్నం మధ్య గదిలో డాగ్నీ కాలు జారింది. కిందికి చూస్తే నేల తడి. ఆ మూల తడి, ఈ మూల తడి. గోడ పక్కన పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని వణుకుతున్నాయి. మేయరు తొట్టిలో లేదు. ఒక చివర ఒంటరిగా, తోక కింద తడితో, తల వేలాడేసి నిలబడి ఉంది. డాగ్నీ గబుక్కున దాని పక్కన కూర్చుంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుంటే ఒంట్లో వేడి లేదు. మారు ఆలోచించకుండా సూది వేసింది, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు నోట్లో పోసింది.

క్రెస్టెన్ గుమ్మంలో నిలబడి చూశాడు. “పశువుల డాక్టరమ్మకి ఫోను చేస్తా. నీళ్ళలో మందు కలపాలి.”

“ఉండు నాన్నా! నిన్నటిదాకా రాయిలా ఉన్నాయి. ఒక్క గదే ఎందుకు ఇలా అయ్యింది?”

తొట్టిలో చెయ్యి పెట్టి మేత తీసింది. వేళ్ళ మధ్య నలిపింది. కరకరలాడలేదు. పట్టులా జారిపోయింది. వేళ్ళకి తెల్లగా పౌడరు అంటుకుంది.

డాగ్నీ తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది డాగ్నీకి. ఆ కొట్టం బట్టలతోనే మర గదిలోకి నడిచి మూత ఎత్తి చూసింది. తను బిగించిన పెద్ద చిల్లుల జల్లెడ రేకు గోడకి ఆనించి ఉంది. లోపల పాతది, సూది మొనంత చిల్లులది, మెరుస్తోంది.

“నువ్వే మార్చావు.”

“ఒక్క ఆడింపే,” అన్నాడు క్రెస్టెన్ వెనక నుంచి. “ఒక్క గదికే. బృందం వాళ్ళొస్తారు, లెక్కలు చూస్తారు కదా అని. చూడలేకపోయానే. అంత పొట్టు...”

“నీ లెక్క పోతుందని ఆ పిల్లల పేగులు పోగొట్టావు! నాన్నా, నీ మెత్తటి పిండి వల్ల ఎప్పుడూ ఇలాగే అయ్యేది. జింక్ ఉంది కాబట్టి పైకి కనపడలేదు. అంతే. నువ్వు గెలిచింది పిండి వల్ల కాదు, ఆ పొడి వల్ల!”

ఆ మాట అన్నాక ఆమెకే గుబులు పుట్టింది. తండ్రితో ఆ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. క్రెస్టెన్ మర పక్కనున్న పాత పీపా మీద కూర్చున్నాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు, పిండితో తెల్లగా ఉన్నాయి. తర్వాత లేచి, పానా తీసుకుని, పాత జల్లెడ విప్పి, పెద్ద చిల్లుల రేకు తనే బిగించాడు. విప్పిన దాన్ని మోకాలికి ఆనించి వంచేశాడు. ఇనుప రేకు, ఊరికే వంగదు. అయినా వంచాకే వదిలాడు.

“రేపు సాయంత్రం దాకా ఆగుతా,” అన్నాడు. “అప్పటికి తడి తగ్గకపోతే మందు కలుపుతా. పంతం నీది, ప్రాణం వాటిది అన్నావు కదా.”

“అన్నాను.”

ఆ రోజూ మర్నాడూ డాగ్నీ తిండి మర్చిపోయింది. మాగ్డా అత్తయ్య రై రొట్టె మీద లివర్ పేస్ట్ రాసి గుమ్మం దాకా పంపితే, తలుపు దగ్గరే నిలబడి మింగి మళ్ళీ లోపలికి. తడి నేల తుడవడం, పొడి గడ్డి పరవడం, పాత పిండి ఊడ్చి నూక పోయడం. మరీ నీరసించిన వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని చూసుకుంది. క్రెస్టెన్ కూడా ఆమె పక్కనే మోకాళ్ళ మీద పాకాడు. ఆయన లెక్క కోసం కాక పిల్లల కోసం నేల వైపు చూడడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నానికి ఒక మూల నుంచి కరకరమని చప్పుడు వినపడింది. డాగ్నీ చేతిలో పని ఆపేసి అటు తిరిగింది. ఒకటి. తర్వాత ఇంకో రెండు. కాసేపటికి మేయరు గోడ పక్క నుంచి లేచి, తూలుకుంటూ వచ్చి, తిన్నగా నిలబడ్డ వాటినన్నింటినీ తోసి తొట్టి మధ్యలో కూలబడింది. నమిలింది.

“నాన్నా!” అంది డాగ్నీ.

“వింటున్నా,” అన్నాడు క్రెస్టెన్.

సాయంత్రానికి నేల ఆరింది. మందు డబ్బా అల్మారాలోనే ఉండిపోయింది. తర్వాత రోజుల్లో నూక మేత ధాటి ఏమిటో ఆ పిల్లలే చూపించాయి. గదిలో అడుగు పెడితే కాళ్ళకు అడ్డం పడి పరుగులు, చర్మం నిగనిగ, ఆకలి చెప్పనలవి కాదు. డాగ్నీ కూడా వాటితో సమానంగా ఎగిరేది.

పశువుల డాక్టరు సోల్వై తనిఖీకి వస్తున్న రోజు మాగ్డా డాగ్నీని పక్కకి పిలిచింది. “డాక్టరమ్మ సరేనంటే ఆ గాలి కిటికీలోంచి ఖాళీ మేత సంచి ఊపు. నేను వంటింట్లోంచి చూస్తుంటా. జెండా ఎక్కిస్తా.”

“నాన్న ఏమంటాడో!”

“వాడేమంటాడు? అన్న మాట మీద నిలబడతాడు. లేకపోతే నేను నిలబెడతా.”

కొట్టంలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు, బట్టలు మార్చుకునే గదిలోనే పెట్టెలో పెట్టాలి. అలా డాక్టరమ్మ, తండ్రీకూతుళ్ళు ముగ్గురూ లోపలికి వెళ్ళారు, లోకంతో సంబంధం తెగిపోయింది. సోల్వై చేతిలో దీపం పట్టుకుని గది తర్వాత గది తిరిగింది. తొక్కీ తొక్కకుండా నడిచింది, వంగింది, పిల్లల పొట్టలు తడిమింది, తోకలెత్తి చూసింది. మధ్య గదిలో ఎక్కువసేపు ఉంది. డాగ్నీ ఖాళీ సంచి రెండు చేతులా పట్టుకుని చూస్తోంది. కొట్టం, తన బతుకంతా, ఆ డాక్టరమ్మ నోట్లోంచి రాబోయే ఒక్క మాట మీద ఉంది.

సోల్వై లేచి, మందు చీటీ రాయడానికి చేతిలో పట్టుకున్న కలాన్ని జేబులో పెట్టేసుకుంది. “ఇక్కడ నాకు పని లేదు. ఈ జిల్లాలో ఈ శరదృతువులో నేను చూసిన అన్నిటికంటే గట్టి పెంట ఇదే. మేత చేసిందెవరు?”

“మా అమ్మాయి,” అన్నాడు క్రెస్టెన్. తొడుగు వేసుకున్న చేత్తో ఒక ముద్ద తీసి, విరిచి, పొట్టు ముక్కల్ని వెలుతురులో చూసి, “ఫర్వాలేదు,” అన్నాడు.

డాగ్నీ కెవ్వున అరిచింది. డాక్టరమ్మను పట్టుకుని గిర్రున తిప్పింది. పిల్లలు భయపడి మూలకి పరుగెత్తి, ఏమీ కాలేదని తెలిసి మళ్ళీ వచ్చాయి. తర్వాత డాగ్నీ గాలి కిటికీ ఎక్కి, మేత సంచి బయటికి పెట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపింది.

ఇంకా తూకాలున్నాయి. సోల్వై తన కాగితాలు రాసుకుని వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళు మాత్రం ఒక్కో గదిలో పిల్లల్ని తూచి, బరువు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ తూచి, గంటకు పైగా లోపలే ఉండిపోయారు. అన్నీ అయ్యాక డాగ్నీ ముందు ఒళ్ళు కడుక్కుని, తడి జుట్టుతోనే బయటికి ఉరికింది.

వాకిట్లో అడుగు పెట్టి రాయిలా నిలబడిపోయింది.

కార్లు. ఇరుగూ పొరుగూ అందరూ. నల్ల కోట్లు. ఆస్గెర్ కూడా నల్ల కోటు వేసుకున్నాడు, తొందరలో కింద రబ్బరు బూట్లు మార్చుకోలేదు. ఆయన భార్య కార్లా చేతిలో తెల్ల పూల గుత్తి. ఎవరూ మాట్లాడడం లేదు. ఎదురుగా చూస్తే జెండా స్తంభంలో సగం ఎత్తున వేలాడుతోంది. సగం జెండా అంటే ఆ ఇంట్లో చావు.

అత్తయ్య. డాగ్నీకి ముందు తోచింది ఆమే. సంచి ఊపినప్పుడు కూడా బతికే ఉంది. జెండా లాగుతూ లాగుతూ...

ఆస్గెర్ టోపీ తీసి దగ్గరికొచ్చి ఆమెను గుండెకు హత్తుకున్నాడు. “ధైర్యంగా ఉండమ్మా. అంత మంచి మనిషి.”

“అత్తయ్య ఎక్కడ బాబాయ్?”

“వంటింట్లో. కాఫీ పెడుతోంది. ఎంత గుండె దిటవే ఆవిడకి! తమ్ముడు పోయినా కాఫీ పెడుతోంది. కిటికీలోంచి మాకు చెయ్యి కూడా ఊపింది.”

“ఎవరు పోయారు?”

అడిగింది డాగ్నీ కాదు. వెనక గుమ్మంలో క్రెస్టెన్ నిలబడి ఉన్నాడు, నెత్తి మీద తువ్వాలు, జుట్టు లోంచి నీళ్ళు కారుతూ.

కార్లా చేతిలోంచి పూలు జారిపోయాయి. ఆస్గెర్ నోరు తెరిచి మూశాడు. “నువ్వే!” అన్నాడు చివరికి.

“నేనా? ఎప్పుడు?”

“సగం జెండా చూశాంరా! పొలంలోంచి చూసి నేనే అందరికీ ఫోన్లు చేశా. నీకు చేస్తే ఎత్తవు, ఈ పిల్లకి చేస్తే ఎత్తదు!”

అప్పుడే మాగ్డా కాఫీ కూజా, కప్పుల పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. “ఒచ్చారా అందరూ! మంచిది. ఒరేయ్ క్రెస్టెన్, తాడు సగంలో ఇరుక్కుందిరా. పైకీ పోదు, కిందికీ రాదు. నువ్వొచ్చాక చూస్తావులే అని కాఫీ పెట్టేశా.” చుట్టూ చూసింది. “ఇదేమిట్రా, అందరూ నల్ల కోట్లు వేసుకొచ్చారు? గట్టి పెంటకి ఇంత మర్యాదా?”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత ఆగలేదు. కార్లా పూలు ఏరుకుంటూ నవ్వింది, ఆస్గెర్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, డాగ్నీ నవ్వుతూ ఏడ్చింది. క్రెస్టెన్ ఒక్కడే నవ్వలేదు. ఆయన జెండా వైపు చూస్తున్నాడు.

నవ్వు తనంతట తనే తగ్గింది.

“ఆ ముడి నాదే,” అన్నాడు క్రెస్టెన్. “గుడ్రున్‌ని తీసుకెళ్ళిన పొద్దున తాడు తెగింది. ఎలాగో ముడేసి సగం దాకా ఎక్కించా. మట్టి చేసి వచ్చాక పైదాకా లాగాలి కదా. లాగబోతే ఆ ముడి చక్రంలో ఇరుక్కుంది. బాగు చేయొచ్చు. చేయబుద్ధి కాలేదు. పొద్దు గూకేవేళకి గుంజి దించేశా.”

అందరికీ ఆ రోజు గుర్తుంది. సాగనంపడం అయ్యాక జెండా పైకి వెళ్ళాలి, అది ఆచారం. ఆ ఇంటి జెండా వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు.

“స్తంభం వాల్చుదాం,” అన్నాడు ఆస్గెర్, కోటు విప్పి కారు మీద పడేస్తూ. “చావుకొచ్చిన వాళ్ళం, పెళ్ళికి పనికొస్తాం. పట్టండి!”

కింద మేకు ఒకటి ఊడదీసి, అందరూ భుజం పెట్టి స్తంభాన్ని మెల్లగా వాల్చారు. జెండా నేలకు తగలకూడదని కార్లా పూలతో సహా చేతుల్లోకి తీసుకుంది. క్రెస్టెన్ జేబు కత్తితో పాత ముడి కోసేశాడు. డాగ్నీ కొత్త తాడు తెచ్చి చక్రంలోంచి లాగింది. స్తంభం మళ్ళీ నిలబడింది.

ఆస్గెర్ చేతులు దులుపుకుంటూ గొంతు సవరించుకున్నాడు. “అది సరే కానీ, ఆ కొట్టం సంగతి ఏమన్నావురా?”

“నన్నడుగుతావేంటి?” అన్నాడు క్రెస్టెన్. “కొట్టం ఆసామి అదిగో, తడి తలతో నిలబడింది. ఆవిణ్ణడుగు.”

“కౌలుకివ్వను బాబాయ్,” అంది డాగ్నీ.

క్రెస్టెన్ తాడు అందుకుని జెండాను సగం దాకా లాగాడు. అక్కడ ఆగి తాడు కూతురి చేతిలో పెట్టాడు. “పై సగం మీ అమ్మకి బాకీ. నువ్వు లాగు.”

డాగ్నీ లాగింది. ఎక్కడా ఇరుక్కోలేదు. జెండా ఆ సగం దాటింది, స్తంభం కొనన ఉన్న బంగారు రంగు గుండు దాకా వెళ్ళింది, ఫ్యోర్డ్ అనే ఆ సముద్రపు పాయ మీది గాలికి ఒక్కసారిగా విప్పుకుంది. ఆ శరదృతువులో డాగ్నీ ఆకాశం వైపు చూడడం అదే మొదటిసారి.

క్రెస్టెన్ నెత్తి మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని పైకి చూశాడు. కొట్టంలోంచి పిల్లలు నమిలే చప్పుడు సన్నగా వినపడుతోంది.

“బాగుంది,” అన్నాడు.

మాగ్డా చేతిలో కూజా ఆగిపోయింది. “ఏమన్నావ్? మళ్ళీ అను.”

“వినాల్సినవాళ్ళు విన్నారు,” అన్నాడు క్రెస్టెన్, ఇంకా పైకే చూస్తూ. “కాఫీ పొయ్.”